కుచ్చులు ఏం తింటుంది

లాండ్రీ మీది గది

వదినా,

చేరాను. మీరు చెప్పినట్టే రైలు దిగి, ఎవరి ముఖమూ చూడకుండా నడిచాను. మీతో కుట్టు నేర్చుకున్న లాండ్రీ పెద్దమ్మ నన్ను ఊరూ పేరూ అడగలేదు. "ఇస్త్రీ వచ్చా?" అంది. వచ్చన్నాను. "అయితే పైగది నీదే" అంది.

ఫోను వద్దన్నారు కనుక ఇక ఉత్తరాలే. మీ తమ్ముడు పొద్దస్తమానం ఫోన్లు విప్పి బిగించే మనిషి. నేను ఏ ఫోను ముట్టుకున్నా ఆయనకు అక్కడ తెలిసిపోతుందేమోనని నా భయం. లాండ్రీకి పోస్టాఫీసులో ఒక పెట్టె ఉంది. దాని నంబరు కవరు వెనక వేశాను. వీధి పేరు మాత్రం ఎక్కడా రాయను.

మీకు చెప్పని సంగతి ఒకటి ఉంది. స్టేషన్లో నా ఒళ్లోని పెద్ద ఫ్లాస్కులో కాఫీ ఉందనుకున్నారు కదా. అందులో ఉన్నది నా ఆక్సలాటల్ పిల్ల. నేను పనిచేసిన బడి ల్యాబులో గుడ్డుగా ఉన్నప్పటి నుంచి పెంచాను దాన్ని. చేప కాదు, బల్లీ కాదు. నీళ్లలోనే ఉంటుంది, నాలుగు కాళ్లుంటాయి, ఒళ్లంతా తెలుపు. తలకు రెండు పక్కలా గులాబీ రంగు మొప్పలు కుచ్చుల్లా ఊగుతుంటాయి. పొడుగు నా చూపుడు వేలంత.

కోప్పడకండి, వదిలి రాలేకపోయాను. నేను ఎదురు చెప్పిన రోజున మీ తమ్ముడు నన్నేమీ అనేవారు కాదు. దాని మేత తీసుకెళ్లి కాలువలో పారబోసేవారు. అది తొట్టి అడుగున నోరు తెరిచి వెతుక్కుంటుంటే నన్ను ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి "చూడు" అనేవారు. నేను చూసేదాన్ని. కొట్టిన దెబ్బలు మీరు చూశారు కానీ, ఇది మీకెప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు బెంగల్లా దాని తిండే. పిల్లది కదా, రోజూ తినాలి. కదిలే పురుగు తప్ప ముట్టదు. దానికి తోడు ఈ గది నేల వెచ్చన. కింద ఇస్త్రీ బల్లల ఆవిరి పలకల సందుల్లోంచి పైకొస్తుంది. నీళ్లు చల్లగా లేకపోతే అది అసలు నోరే తెరవదు. పెద్దమ్మ ఫ్రిజ్జులో సీసాతో నీళ్లు గడ్డ కట్టించి తొట్టిలో తేలేస్తున్నాను.

మెట్ల మీద ఎవరి అడుగు వినిపించినా గోడకు ఆనుకుపోతున్నాను. ఆయన మీ దగ్గరికి వచ్చారా?

మీ మరదలు


కుట్టుశాల, నా మిషను ముందు నుంచి

మరదలు పిల్లా,

ప్రాణం అరచేతిలో పెట్టుకుని పారిపొమ్మంటే పురుగులు తినే పురుగును ఫ్లాస్కులో పోసుకుని పోతావా! నీ ఒళ్లో కాఫీ ఉందిగా, ఒక గుక్క ఇవ్వమని అడుగుదామనుకున్నాను కూడాను. నా అదృష్టం బాగుండి రైలు కదిలింది.

సరే, తెచ్చుకున్నావు. కుచ్చులంటున్నావు కనుక దాని పేరు కుచ్చులు. నేను పెట్టాను. పరికిణీ అంచులకు కుచ్చులు కుట్టీ కుట్టీ చూపు మందగించిన దాన్ని, ఆ మాత్రం హక్కు నాకుంది. చల్లగా ఉంచు, కడుపు నింపు.

తమ్ముడు వచ్చాడు. సోఫాలో కూర్చున్నాడు. అరవలేదు, కేకలెయ్యలేదు. "అక్కా, తను నీకేమైనా చెప్పిందా?" అన్నాడు. చెప్పలేదన్నాను. టీ ఇస్తే తాగి, కప్పు కడిగి బోర్లించి మరీ వెళ్లాడు. వాడు అరిచినా బాగుండేదే అనిపించింది.

వెళ్లబోతూ గుమ్మంలో ఆగి, "తొట్టి ఖాళీగా ఉంది. దాన్నీ తీసుకుపోయింది" అన్నాడు. నవ్వాడు కూడా. ఎందుకు నవ్వాడో నాకు అంతుపట్టలేదు. అందుకే నీ చెవిన వేస్తున్నాను.

ఉత్తరాలు కుట్టుశాలకే రాయి. చదివి ఇంటికెళ్లగానే పొయ్యిలో వేసేస్తాను. నువ్వు ముందు వేళకు తిను. కుచ్చులు సంగతి తర్వాత.

వదిన


లాండ్రీ మీది గది

వదినా,

ఆయన ఎందుకు నవ్వారో నాకు తెలిసింది.

తెచ్చుకున్న పురుగులు అయిపోయాయి. పెద్దమ్మను అడిగి మార్కెట్ వెనకున్న అక్వేరియం షాపుకు వెళ్లాను. వరసగా తొట్లు, లోపలంతా నీలం వెలుతురు, బుడగల చప్పుడు. ఆ చల్లదనానికి కాసేపు ప్రాణం తెరిపిన పడింది. షాపతను మంచివాడిలాగే ఉన్నాడు. సన్నటి నల్లపురుగులు కావాలన్నాను. సంచిలో నీళ్లు పోసి, పురుగులు వేస్తూ అడిగాడు.

"చేపలకా, లేక ఆ తెల్లదానికా? కుచ్చుల మొప్పలుంటాయే, దానికా?"

నేను ముఖం పక్కనున్న తొట్టి వైపు తిప్పుకున్నాను.

"ఏం లేదండీ, మొన్న ఒకాయన ఫోన్ చేశాడు. భార్యకు మతి స్థిమితం లేదట, ఇల్లు విడిచి వెళ్లిపోయిందట. ఆమె దగ్గర అలాంటి జీవి ఉందట. దానికి మేత కోసం ఎవరైనా ఆడమనిషి వస్తే కాస్త చెప్పమన్నాడు. పాపం, ఫోన్లో ఏడ్చేశాడండీ. ఊరూరా షాపులకు చేస్తున్నాడట."

"నాది కాదు, పిల్లల బడిలోది" అన్నాను.

"ఏ బడండీ?" అన్నాడు.

సంచి బల్ల మీదే వదిలేసి వచ్చేశాను వదినా. పరిగెత్తకూడదని తెలుసు. పరిగెత్తాను. ఒక సందులోంచి ఇంకో సందులోకి, మళ్లీ వెనక్కి తిరుగుతూ లాండ్రీకి చేరేసరికి పెద్దమ్మ నా ముఖం చూసి ఇస్త్రీపెట్టె నిలబెట్టేసింది.

మీ తమ్ముడు నన్ను వెతకడం లేదు వదినా. దాని ఆకలిని వెతుకుతున్నాడు. నేను తినకుండా ఉండగలనని, దాన్ని పస్తు పెట్టలేనని అతనికి బాగా తెలుసు.

ఇక ఏ షాపుకూ వెళ్లను. కుచ్చులు నిన్న కూడా తినలేదు. నా నీడ తొట్టి మీద పడగానే పైకి ఈదుకుంటూ వస్తోంది.

మీ మరదలు


కుట్టుశాల

మరదలా,

షాపుల వైపు వెళ్లకు. బజారుకే వెళ్లకు. కావలసినవి పెద్దమ్మ తెస్తుంది.

ఇకమీద కుట్టుశాలకు రాయకు. ఇక్కడి గేటు మనిషికి ఎవరో కొత్తగా సిగరెట్లు ఇస్తున్నారు. మా కటింగ్ అక్క నీకు గుర్తుందిగా, బట్టలు కత్తిరించే ఆవిడ, గొంతు వీధి చివరికి వినిపిస్తుంది. ఆవిడ ఇంటి చిరునామా కింద రాస్తున్నాను. అక్కడికి రాస్తే నాకు చేరుతుంది.

నేను బాగానే ఉన్నాను. నా గురించి ఆలోచించకు. మిషను మీద పని ఎక్కువగా ఉంది, అందుకే పొడుగ్గా రాయలేకపోతున్నాను.

దానికి వేరే తిండేదైనా చూడు. మట్టిలో పురుగులు దొరకవా?

వదిన


లాండ్రీ మీది గది

వదినా,

దొరికాయి. కానీ ఎంత అవస్థ పడ్డానో!

ముందు పెద్దమ్మ పూలకుండీల ఎరువులో ఎర్రపురుగులు కనిపించాయి. కడిగి, చిన్న ముక్క కోసి వేశాను. కుచ్చులు గబుక్కున నోట్లోకి లాక్కుంది, అంతే వేగంగా ఉమ్మేసింది. మళ్లీ వేస్తే మళ్లీ ఉమ్మేసింది. ఆ పురుగులు చేదు కాబోలు. తర్వాత వేసినా దగ్గరికి రాలేదు. మొప్పలు ముందుకు వంగిపోయాయి, కుచ్చులు పలచబడ్డాయి. అది అడుగున కదలకుండా పడుకుంటే పోయిందేమోనని వేలితో నీళ్లు కదిపి చూసేదాన్ని.

చివరికి పెద్దమ్మే, "ఇలా ఇద్దరూ కలిసి మాడి చస్తారా ఏంటి? పద" అని తన ముసుగు గుడ్డ నా తలకు కట్టి, పొద్దున్నే పార్కుకు తీసుకెళ్లింది. తడి ఆకుల కింద మట్టి తవ్వితే లావుపాటి వానపాములు. నాకు వాటిని చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. పెద్దమ్మ నిలబడి కాపలా కాసింది. దారిన పోయేవాళ్లు చూస్తే, "కోడలికి వైద్యం" అని చెప్పింది. ఏం వైద్యమో ఎవరూ అడగలేదు.

కడిగి, కత్తెరతో కోసి, చిమటాతో పట్టుకుని నీళ్లలో అటూ ఇటూ ఆడించాను. చాలాసేపు చూసింది. నా చెయ్యి తిమ్మిరెక్కింది. అప్పుడు టక్కున లాక్కుని మింగింది వదినా! గొంతు దగ్గర చిన్న కదలిక కనిపించింది. నేను నేల మీద కూర్చుని ఏడ్చాను.

ఇప్పుడు రోజూ తింటోంది. ఎండ ముదిరింది కనుక ఐసు సీసా మార్చడమే పెద్ద పని. నీళ్లు వెచ్చబడితే చాలు, ముఖం తిప్పేస్తుంది.

మీరు నవ్వుతూ రాసి చాలా రోజులైంది. నిజం చెప్పండి, అక్కడ ఏం జరుగుతోంది?

మీ మరదలు


ఇంటి నుంచి

సౌభాగ్యవతి అయిన మరదలికి,

ఇక్కడ అందరం క్షేమం. తమ్ముడు పూర్తిగా మారిపోయాడు. చేసిన తప్పు తెలుసుకున్నాడు. నీ కోసం బెంగపెట్టుకుని సగమైపోయాడు. భార్యాభర్తలన్నాక మాటామాటా రావడం సహజం. ఆడది ఇల్లు విడిచి ఉండటం మన కుటుంబానికి మర్యాద కాదు.

నిన్ను తీసుకురావడానికి తమ్ముడే వస్తాడు. ఏ రోజు ఏ రైలుకు రావాలో మా ఇంటికి రాయి. స్టేషన్‌కు నువ్వు ఒక్కదానివే రా. మీ సంసారం సంగతి నలుగురికీ తెలియడం ఎందుకు.

నీ చేపను కూడా తెచ్చుకో. తమ్ముడు ఏమీ అనడు. దాన్ని ఐసు దగ్గర పెట్టకు, ఎండ తగిలేలా ఉంచు. నీళ్లు వెచ్చగా ఉంటేనే తింటుందని నువ్వే రాశావుగా.

ఇట్లు,
నీ ఆడపడుచు


లాండ్రీ మీది గది

వదినా,

ఇది కటింగ్ అక్క ఇంటికి పంపుతున్నాను. మీ ఇంటికి ఇంకో ఉత్తరం వస్తుంది. అందులో ఉన్నదంతా అబద్ధం. అది అతను చదవడానికి.

మీ ఉత్తరం మొదటి వాక్యం దగ్గరే నాకు అనుమానం వచ్చింది. మీరు నన్ను సౌభాగ్యవతి అని ఏనాడూ అనలేదు. కుచ్చులును చేప అనలేదు. "వెచ్చగా ఉంటేనే తింటుంది" అన్న చోట ఆగిపోయాను. చల్లగా ఉంచమని నాకే చెప్పిన మీరు ఇలా రాశారంటే, అతను పక్కన నిలబడి రాయించాడు. అతనికి తెలియని ఒక్క ముక్కను పట్టుకుని మీరు నాకు కబురు పంపారు. అతనికి దాని ఆకలి తెలుసు కానీ, దానికి వేడి పడదని తెలియదు.

అతను మీ ఇంట్లోనే ఉంటున్నాడు కదూ? ఎప్పటి నుంచి? పని ఎక్కువని రాశారే, అప్పటి నుంచేనా? నాకెందుకు చెప్పలేదు వదినా?

పెట్టె నంబరు తెలిసింది కాబట్టి ఊరు తెలిసిపోయినట్టే. ఎలాగూ వస్తాడు. అందుకని నేను చెప్పిన రోజునే రానిద్దాం. వచ్చే ఆదివారం కాదు, ఆ పై ఆదివారం పొద్దుటి రైలుకు రమ్మని, స్టేషన్లో ఎదురుచూస్తుంటానని మీ ఇంటికి రాశాను. మీ మోకాళ్లు బాగాలేవు, మిమ్మల్ని వెంట తీసుకురావద్దని కూడా రాశాను. అతను రానూ పోనూ ఆ రోజంతా పడుతుంది. ఆ రోజు మీరు బయటపడాలి.

నిన్న పెద్దమ్మతో పోలీస్ స్టేషన్‌కు వెళ్లాను. రెండుసార్లు గేటు దగ్గరి నుంచే వెనక్కి తిరిగాను. కానీ మొత్తం చెప్పాను, మచ్చలు చూపించాను. ఆ ఫిర్యాదు నకలు దీనితో పెడుతున్నాను. కటింగ్ అక్కను అది తీసుకుని మీ ఊరి స్టేషన్‌కు వెళ్లమనండి. ఆవిడ గొంతు అక్కడ పనికొస్తుంది.

నాకు చాలా భయంగా ఉంది. ఇంతవరకూ నా కోసమే భయపడ్డాను. మీ కోసం భయపడటం ఇంకా కష్టంగా ఉంది.

మీ మరదలు


లాండ్రీ మీది గది, ఆదివారం

వదినా,

మీరు బయటపడ్డారో లేదో తెలియదు. అయినా రాస్తున్నాను. రాయకుండా కూర్చోలేను.

అతను ఈ వీధికి వచ్చాడు.

స్టేషన్లో నేను కనిపించకపోతే తిరుగు రైలు ఎక్కుతాడనుకున్నాను. ఎక్కలేదు. తిరుగు రైలుకు ఇంకా వ్యవధి ఉందేమో, నా ఫోటో పట్టుకుని పోస్టాఫీసు చుట్టూ ఉన్న వీధులన్నీ తిరిగాడు. ఆదివారమైనా, నన్ను ఒంటరిగా వదలకూడదని పెద్దమ్మ షాపు తెరిచి పని చేస్తోంది. నేను పైన కుచ్చులుకు మేత పెడుతున్నాను. చిమటా నీళ్లలో ఉంది. కింద నుంచి ఆ గొంతు వినిపించింది.

"అమ్మా, ఈమెను ఎక్కడైనా చూశారా?"

ఎంత మెత్తగా అడిగాడో! నా చెయ్యి నీళ్లలోనే బిగుసుకుపోయింది.

"మా దగ్గరికి మనుషులు రారు నాయనా, బట్టలొస్తాయి" అంది పెద్దమ్మ.

"పైన ఎవరుంటారు?"

"గంజిపొడి మూటలుంటాయి. మోసుకొస్తానంటే తాళం తీస్తాను. నా నడుము పడిపోయింది."

అదే క్షణంలో కుచ్చులు ముక్క కోసం ఎగిరి తోకతో కొట్టింది. నీళ్లు చింది నేల మీద పడ్డాయి. పలకల సందులోంచి కిందికి జారడం నా కళ్లారా చూశాను. పరిగెత్తుకెళ్లి తుడుద్దామంటే పలకలు కిర్రుమంటాయి. కింద మాటలు ఆగిపోయాయి. అతను పైకి చూస్తున్నాడని నాకు తెలిసింది. చూడకుండానే తెలిసింది.

"ఏంటది?" అన్నాడు.

"ఆవిరి" అంది పెద్దమ్మ. "పొద్దుట్నుంచి నెత్తిన కారుతూనే ఉంది. కాస్త పక్కకు జరుగు, ఇస్త్రీ బట్టల మీద నీడ పడుతోంది." ఆ వెంటనే పెద్ద ఇస్త్రీపెట్టె ధన్‌మని బల్ల మీద దించింది. ఆవిరి బుస్సుమంది.

అతను వెళ్లిపోయాడు. అడుగులు దూరమయ్యాక కూడా నేను చెయ్యి తీయలేకపోయాను. పెద్దమ్మ వచ్చి, నా వేళ్లు ఒక్కొక్కటే విడదీసి చిమటా తీసుకుంది. తర్వాత కిందికెళ్లి షాపు తలుపు గడియ పెట్టింది.

అతను కోపంతో తిరిగి వస్తాడు వదినా. ఆ ఇంట్లో ఉండకండి. దేవుడా, మీరు ఆ ఇంట్లో ఉండకూడదు.

మీ మరదలు


రైల్లో, కిటికీ పక్కన

మరదలు పిల్లా,

రైలు కుదుపుకు అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి, సర్దుకో. నువ్వు ఆదివారం రాసిన ఉత్తరం కటింగ్ అక్క ఇంట్లో చదివాను. అది చదివాక సంచి సర్దడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు.

నువ్వు అడిగిందే నిజం. వాడు వచ్చి టీ తాగి వెళ్లాడని రాశాను చూడు, ఆ మర్నాడే బట్టల పెట్టె పట్టుకుని తిరిగొచ్చాడు. నీకు చెబితే నా కోసం వెనక్కి వచ్చేస్తావని చెప్పలేదు. నీ పురుగుల ఉత్తరం చదివి పొయ్యిలో వేస్తుంటే చూశాడు. కాగితం కాలిపోయింది కానీ, కవరు వాడి చేతికి చిక్కింది. వీధి చెప్పమన్నాడు. నేను చెప్పలేదు. నా ఎడమచేతి వేళ్లు రెండు విరిచాడు. ఉత్తరం రాయించుకోవాలి కనుక కుడిచెయ్యి వదిలేశాడు. ఈ కట్టు చూసి గోల పెట్టకు. అతుక్కుంటాయని డాక్టరు చెప్పాడు, మిషను కూడా తొక్కొచ్చట.

ఆదివారం వాడు బయట తాళం వేసుకుని వెళ్లాడు. కటింగ్ అక్క ఒక ఆడ కానిస్టేబుల్ని, కుట్టుశాల వాళ్లందరినీ వెంటేసుకుని వచ్చింది. తాళం పగలగొట్టడానికి ఆవిడ ఏం తెచ్చిందో తెలుసా? బట్టలు కోసే పెద్ద కత్తెర! కానిస్టేబుల్ నవ్వి పక్కింట్లో గునపం అడిగి తెచ్చింది. నేను లోపల తలుపుకు ఆనుకుని ఉన్నాను. తలుపు తెరుచుకుంటే నాకు అడుగు పడలేదు. ఇంట్లోంచి బయటికి రావడానికి ఇంత భయపడతానని కలలో కూడా అనుకోలేదు.

సాయంత్రం వాడు రైలు దిగగానే పట్టుకున్నారు. నేను పోలీస్ స్టేషన్లోనే ఉన్నాను. ఇన్‌స్పెక్టర్ కాగితం నా ముందుకు జరిపి, "సొంత తమ్ముడి మీద ఇస్తున్నారు. బాగా ఆలోచించుకున్నారా అమ్మా?" అన్నాడు.

అమ్మ పోయేనాటికి వాడికి సరిగ్గా నడక కూడా రాదు. ముద్ద కలిపి నోట్లో పెట్టి పెంచాను. ఆలోచించుకోకుండా ఎలా ఉంటాను? సంతకం పెట్టాను.

వాడు బెంచీ మీద తల దించుకుని కూర్చున్నాడు. నేను దాటి వెళ్తుంటే తలెత్తాడు. తిడతాడనుకున్నాను. శపిస్తాడనుకున్నాను.

"అక్కా, ఆకలేస్తోంది" అన్నాడు.

చిన్నప్పుడు అడిగినట్టే అడిగాడు పిల్లా. పొద్దుట్నుంచి ఏమీ తినలేదని వాడి ముఖం చూస్తేనే తెలుస్తోంది. కటింగ్ అక్క నా కోసం కొన్న బన్ను పొట్లం సంచిలో ఉంది. తీశాను. వాడు చెయ్యి చాచాడు. ఆ చేతిలో పెట్టలేకపోయాను. బెంచీ చివర పెట్టి, వెనక్కి చూడకుండా బయటికొచ్చేశాను. గుమ్మం దాటుతుంటే పొట్లం విప్పుతున్న చప్పుడు వినిపించింది.

వాణ్ణి ఎన్నాళ్లు లోపల ఉంచుతారో ఎవరూ చెప్పలేదు. భయం పోయిందని నీకు అబద్ధం చెప్పను. ఈ రైలుపెట్టెలో ఎవరు లేచి నిలబడినా ఉలిక్కిపడుతున్నాను.

ఈ ఉత్తరం పోస్టులో వేయను. నీ చేతికే ఇస్తాను. ఇందులోవి నోటితో చెప్పాలంటే నా వల్ల కాదు. నువ్వు పైన కూర్చుని చదువుకో. నేను కింద పెద్దమ్మ దగ్గర ఉంటాను. చదవడం అయ్యాక నన్ను పిలువు.

వదిన